తూకంలో గెలుపు, మనసుకు ఓటమి
బరువు తగ్గింపుతో క్రీడాకారుల్లో చిరాకు, కుంగుబాటు. పతకమే ఉద్యోగమైన చోట ముప్పు మరింత ఎక్కువ

మలంచా (ఖరగ్‌పూర్): పోటీకి వారం రోజుల ముందు నాలుగైదు కిలోల బరువు తగ్గించుకోవడం కుస్తీ, బాక్సింగ్, జూడో, వెయిట్ లిఫ్టింగ్ క్రీడాకారులకు ఏళ్ల తరబడి అలవాటుగా మారింది. దీనివల్ల మూత్రపిండాలకు, గుండెకు, ఎముకలకు హాని కలుగుతుందని వైద్యులు చాలాకాలంగా హెచ్చరిస్తూనే ఉన్నారు. అయితే శరీరంతోపాటు మనసు కూడా దెబ్బతింటున్నదని, కంటికి కనిపించని ఈ దెబ్బను క్రీడాకారుడే కాక అతని శిక్షకుడు, కుటుంబం సైతం క్రమశిక్షణగా పొరబడుతున్నారని దేశవిదేశాల్లో జరిగిన అధ్యయనాలు సూచిస్తున్నాయి. క్రీడలను ఉద్యోగానికి దగ్గరిదారిగా భావించే మలంచా వంటి రైల్వే నివాస ప్రాంతాలకు ఈ విషయం దూరపు వార్త కాదు. ఇక్కడ తూకపు యంత్రంపై వంద గ్రాముల తేడా ఒక పతకాన్నే కాదు, ఒక కుటుంబం పెట్టుకున్న ఆశను కూడా తారుమారు చేయగలదు.

పతకం వెనుక ఉద్యోగం

ఖరగ్‌పూర్ రైల్వేతో పుట్టి, రైల్వేతో పెరిగిన పట్టణం. బెంగాల్-నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను, వర్క్‌షాపును నెలకొల్పిన తర్వాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. 1072.5 మీటర్ల పొడవుతో ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరొందిన ప్లాట్‌ఫారం ఎంత ప్రసిద్ధమో, ఆగ్నేయ రైల్వే క్రీడాసంఘానికి చెందిన సెర్సా స్టేడియం కూడా స్థానికులకు అంతే పరిచితం. మహేంద్రసింగ్ ధోనీ భారత జట్టులోకి రాకముందు, 2001 నుంచి 2003 వరకు, ఈ స్టేషన్‌లోనే టికెట్ తనిఖీ ఉద్యోగిగా పనిచేశాడు. ఆ ఉద్యోగం అతనికి క్రీడాకోటాలో లభించింది.

దేశంలో క్రీడాకారులకు అత్యధికంగా ఉద్యోగాలు కల్పించే సంస్థల్లో రైల్వే ఒకటి. 1928లో ఏర్పడిన రైల్వే క్రీడా ప్రోత్సాహక మండలి ఆధ్వర్యంలో పలు క్రీడల్లో జట్లు ఉన్నాయి. జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో సాధించిన స్థానాన్ని బట్టి క్రీడాకోటాలో అర్హత నిర్ణయమవుతుంది. నెలజీతం, క్వార్టరు, వైద్య సదుపాయం, రైలు పాసు అన్నీ ఆ ఒక్క స్థానంపై ఆధారపడి ఉంటాయి. పదోన్నతులు కూడా చాలావరకు ఆట ఫలితాలతోనే ముడిపడి ఉంటాయి.

బరువును బట్టి వర్గాలుగా విభజించే క్రీడల్లో ఈ లెక్క మరింత కఠినం. 58 కిలోల బరువున్న కుర్రవాడు అదే బరువున్న వారితో తలపడితే జిల్లాస్థాయిలో నాలుగో స్థానం రావచ్చు. 53 కిలోలకు దిగితే తనకన్నా చిన్నవారితో తలపడి పతకం తెచ్చుకోవచ్చు. ఈ ఆశతోనే బరువు తగ్గింపు మొదలవుతుంది. ఎదుటి ఆటగాడు సైతం అదే ఆలోచనతో బరువు తగ్గించుకుని రావడంతో చివరికి ఎవరికీ అదనపు లాభం మిగలదు. ఇద్దరికీ మిగిలేది ఆకలి, దాహం మాత్రమే.

అన్నం తర్వాత నీరు

బరువు తగ్గించే పద్ధతులు దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకేవిధంగా ఉన్నాయి. మొదట అన్నం, రొట్టె, ఉప్పు తగ్గిస్తారు. కండరాల్లో నిల్వ ఉండే ప్రతి గ్రాము పిండిపదార్థంతోపాటు దాదాపు మూడు గ్రాముల నీరు నిల్వ ఉంటుంది కనుక ఆ నిల్వ కరిగితే బరువు త్వరగా దిగుతుంది. తూకానికి ఒకటి రెండు రోజుల ముందు నీరు మానేస్తారు. మందపాటి దుస్తులు, ప్లాస్టిక్ సూట్లు తొడుక్కుని పరుగెత్తుతారు. ఆవిరి గదుల్లో కూర్చుంటారు. విరేచన మాత్రలు వాడేవారు, పదేపదే ఉమ్మివేసి చివరి గ్రాములు తగ్గించేవారు కూడా ఉన్నారు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ అన్నివేళలా నిషేధించింది. తెలిసో తెలియకో వాటిని మింగితే పతకంతోపాటు భవిష్యత్తు కూడా చేజారుతుంది.

ఈ క్రమంలో తగ్గేది ఎక్కువగా కొవ్వు కాదు, నీరు. శరీర బరువులో దాదాపు 2 శాతం మేర నీరు తగ్గినా ఏకాగ్రత సన్నగిల్లుతుందని, అలసట, చిరాకు పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది. 55 కిలోల వ్యక్తికి 2 శాతమంటే 1.1 కిలోలు మాత్రమే. పోటీకి ముందురోజు క్రీడాకారులు తగ్గించే బరువు ఎన్నోసార్లు ఇంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది. ఆకలి, దాహం వల్ల నిద్ర కూడా పట్టదు. నిద్రలేమి మనసు నిలకడను మరింత దెబ్బతీస్తుంది.

స్టేడియంలో జరిగిన ఆకలి పరీక్ష

ఆకలి మనిషి మనసును ఎలా మారుస్తుందో తెలుసుకునేందుకు ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధమైన ప్రయోగం ఒక క్రీడామైదానంలోనే జరగడం విశేషం. రెండో ప్రపంచ యుద్ధం ముగియవచ్చిన రోజుల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఎంపిక చేసి, విశ్వవిద్యాలయ స్టేడియం ఆవరణలోని గదుల్లో ఉంచారు. యుద్ధంలో ఆయుధం పట్టేందుకు నిరాకరించి, దానికి బదులుగా ఈ సేవకు ముందుకొచ్చిన యువకులు వారు. 1945లో 24 వారాలపాటు వారికి అవసరమైన ఆహారంలో దాదాపు సగం మాత్రమే ఇచ్చారు. యూరప్‌లో యుద్ధంవల్ల ఆకలి పాలైన ప్రజలకు తిరిగి ఆహారం ఎలా అందించాలో తెలుసుకోవడం ప్రయోగ లక్ష్యం.

వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. అయితే శాస్త్రవేత్తలను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది వారి ప్రవర్తన. నిబ్బరంగా ఉండే యువకులు చిన్న విషయాలకే కోపం తెచ్చుకోసాగారు. స్నేహితులతో మాటలు తగ్గాయి. చదువుపై, వినోదంపై ఆసక్తి పోయింది. రోజంతా తిండి గురించిన ఆలోచనే. వంటల పుస్తకాలు సేకరించి చదివేవారు, పళ్లెంలోని ఆహారాన్ని గంటల తరబడి కొద్దికొద్దిగా తినేవారు ఎక్కువయ్యారు. కొందరు తీవ్రమైన కుంగుబాటుకు లోనయ్యారు. ఆహారం తిరిగి ఇచ్చిన తర్వాత కూడా చాలామందికి తృప్తి కలగలేదు, కడుపు నిండినా తింటూనే ఉన్నారు. 1950లో వెలువడిన ఈ ప్రయోగ వివరాలు నేటికీ ఆహార రుగ్మతల వైద్యంలో ప్రామాణికంగా ఉన్నాయి.

ఆ యువకులు తమను ఎందుకు ఆకలితో ఉంచుతున్నారో ముందే తెలిసినవారు. అయినా మనసు మార్పును వారు ఆపలేకపోయారు. ఆకలివల్ల వచ్చే చిరాకు, దిగులు వ్యక్తి స్వభావంలోని లోపం కాదని, శరీరం చేసే హెచ్చరిక అని ఈ ప్రయోగం నిరూపించింది. బరువు తగ్గించుకునే క్రీడాకారుడు ఇంట్లో విసుక్కుంటే మొండివాడని, పొగరుబోతు అని ముద్రవేసేవారు గుర్తుంచుకోవలసిన విషయమిది.

మల్లయోధులపై అధ్యయనాలు

మిన్నెసోటా ప్రయోగం నెలల తరబడి సాగింది. క్రీడాకారుల బరువు తగ్గింపు రోజుల్లోనే జరుగుతుంది. మరి అంత తక్కువ సమయంలో మనసు మారుతుందా అన్న ప్రశ్నకు తర్వాతి అధ్యయనాలు సమాధానమిచ్చాయి. అమెరికాలో పాఠశాల, కళాశాల మల్లయోధుల అలవాట్లపై 1990లో వెలువడిన ఒక సర్వేలో బరువు తగ్గించే రోజుల్లో అలసట, కోపం, ఆందోళన తరచుగా కనిపించినట్లు వెల్లడైంది. తిండి గురించిన ఆలోచనలే బుర్రను ఆక్రమించుకుంటాయని చాలామంది చెప్పారు. పోటీ ముగిశాక అదుపు లేకుండా తినేవారు కూడా తక్కువేమీ కాదు.

1998లో కళాశాల మల్లయోధులపైనే జరిగిన మరో అధ్యయనం జ్ఞాపకశక్తిని పరీక్షించింది. వేగంగా బరువు తగ్గించుకున్నవారు అంకెలను, కథలోని వివరాలను గుర్తుంచుకోవడంలో వెనుకబడ్డారు. వారి మనఃస్థితి కూడా దిగజారింది. నీరు, ఆహారం తీసుకుని మూడు రోజులు గడిచేసరికి ఈ మార్పులు సర్దుకున్నాయి. ఇందులో ఊరట, హెచ్చరిక రెండూ ఉన్నాయి. ఒకసారి జరిగిన నష్టం పూడుతుంది. కాని తూకానికి, బరిలో దిగడానికి మధ్య మూడు రోజుల వ్యవధి ఏ పోటీలోనూ ఉండదు. ఎదుటివాడి ఎత్తును క్షణంలో పసిగట్టవలసిన వేళకే క్రీడాకారుడి బుర్ర మందగించి ఉంటుంది. పైగా ఏడాదికి ఏడెనిమిది పోటీల్లో పాల్గొనేవారు ఇదే చక్రంలో మళ్లీ మళ్లీ పడుతుంటారు.

దీర్ఘకాలిక ప్రభావం మరింత ఆందోళనకరం. నార్వేలో అగ్రశ్రేణి క్రీడాకారులు 1,620 మందిని, సాధారణ ప్రజల్లో 1,696 మందిని పోల్చి 2004లో ప్రకటించిన అధ్యయనంలో క్రీడాకారుల్లో 13.5 శాతం మందికి ఆహార రుగ్మతలు ఉన్నట్లు తేలింది. సాధారణ ప్రజల్లో ఇది 4.6 శాతం మాత్రమే. మహిళా క్రీడాకారుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు దీని బారిన పడ్డారు. బరువుకు, సన్నదనానికి ప్రాధాన్యమున్న క్రీడల్లో సమస్య మరింత ఎక్కువగా ఉంది.

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ఈ స్థితిని క్రీడాకారుల్లో శక్తి లోటుగా గుర్తించి ఒక పత్రం విడుదల చేసింది. తినే ఆహారం, చేసే వ్యాయామం మధ్య పొంతన కుదరకపోతే నెలసరి, ఎముకలు, రోగనిరోధక శక్తి, గుండెతోపాటు మనసు కూడా దెబ్బతింటుందని అందులో పేర్కొన్నది. 2018లోనూ, 2023లోనూ ఈ పత్రాన్ని సవరించారు. మానసిక సమస్య ఈ లోటుకు ఫలితమే కాదు, కారణం కూడా కావచ్చునని అందులో స్పష్టం చేయడం గమనార్హం. దిగులుతో తిండి తగ్గుతుంది, తిండి తగ్గి దిగులు పెరుగుతుంది.

పారిస్‌లో వంద గ్రాములు

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ సందర్భంగా ఈ వ్యవహారమంతా దేశప్రజల కళ్లెదుట జరిగింది. అప్పట్లో ఉత్తర రైల్వే ఉద్యోగిగా ఉన్న మల్లయోధురాలు వినేశ్ ఫోగట్ 50 కిలోల వర్గంలో ఆగస్టు 6న వరుసగా మూడు పోటీలు నెగ్గి ఫైనల్ చేరారు. ఆమె అలవాటుగా పోటీ చేసే వర్గం 53 కిలోలు. ఆ వర్గంలో స్థానం మరొకరికి దక్కడంతో ఆమె కిందికి దిగవలసి వచ్చింది. మొదటిరోజు పోటీలు ముగిశాక ఆమె బరువు పరిమితికన్నా 2.7 కిలోలు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. రాత్రంతా పరుగు, ఆవిరి గది. జుట్టు కూడా కత్తిరించారు. తెల్లవారి తూకంలో 100 గ్రాములు ఎక్కువ వచ్చాయి. ఆమెను అనర్హురాలిగా ప్రకటించి చివరి స్థానంలో ఉంచారు. ఒంట్లో నీరు తగ్గిపోవడంతో చికిత్స అందించవలసి వచ్చింది. మర్నాడే ఆమె కుస్తీ నుంచి విరమిస్తున్నట్లు ప్రకటించారు. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆగస్టు 14న ఆమె అప్పీలును తిరస్కరించింది. ఆ నిర్ణయం నుంచి వెనక్కి వస్తున్నట్లు ఆమె ప్రకటించింది 2025 డిసెంబరులో.

అదే పారిస్‌లో ఉత్తర రైల్వేకే చెందిన అమన్ సెహ్రావత్ కథ మరో విధంగా ముగిసింది. ఆగస్టు 8 సాయంత్రం సెమీఫైనల్‌లో ఓడేసరికి అతని బరువు 61.5 కిలోలు. పరిమితి 57 కిలోలు. పది గంటల్లో 4.6 కిలోలు తగ్గించుకుని తూకంలో నెగ్గి, మర్నాడు కాంస్య పతకం సాధించాడు. 21 ఏళ్ల వయసులో ఒలింపిక్ పతకం గెలిచి, భారత్ తరఫున వ్యక్తిగత విభాగంలో అతి పిన్న వయస్కుడైన విజేతగా నిలిచాడు. రైల్వే అతనికి పదోన్నతి ఇచ్చింది. ఆ రాత్రి పడిన శ్రమను దేశమంతా మెచ్చుకున్నది. ఏడాది తర్వాత, 2025 సెప్టెంబరులో జాగ్రెబ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇదే క్రీడాకారుడు 1.7 కిలోలు ఎక్కువ తూగి బరిలోకి దిగకుండానే వెనుదిరిగాడు. భారత కుస్తీ సమాఖ్య అతనిపై ఏడాది నిషేధం విధించి, తర్వాత ఉపసంహరించుకున్నది.

పారిస్‌లో అమన్‌ను సెమీఫైనల్‌లో ఓడించి చివరికి స్వర్ణం గెలిచిన జపాన్ యోధుడు రేయి హిగుచి సైతం ఈ బాధ ఎరిగినవాడే. 2021లో ఒలింపిక్ అర్హత పోటీలో 50 గ్రాములు ఎక్కువ తూగి అతను అనర్హుడయ్యాడు. ఆ అనుభవంతోనే అతను వినేశ్‌కు బహిరంగంగా సానుభూతి తెలిపాడు.

ఈ రెండు కథల్లోనూ చేసిన పని ఒక్కటే. ఒకరి విషయంలో అది పట్టుదలగా, మరొకరి విషయంలో నిర్లక్ష్యంగా ప్రచారమయింది. మనసుపై పడే భారంలో సగం ఈ తీర్పువల్లనే కలుగుతుంది. శరీరం లొంగకపోతే అది శరీరధర్మం కాదని, తన సంకల్పంలోనే లోపమని క్రీడాకారుడు నమ్ముతాడు.

తెలుగువారి అనుభవాలు

నిజామాబాద్ యువతి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల వర్గంలో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్. ఒలింపిక్స్‌లో ఆ వర్గం లేకపోవడంతో 50 కిలోలకు దిగి 2023లో మరోసారి ప్రపంచ టైటిల్ గెలిచారు. బాక్సింగ్‌లో పోటీ ఉన్న ప్రతి రోజూ ఉదయం తూకం ఉంటుంది. 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనాకు చెందిన వూ యు చేతిలో ఓడిన తర్వాత, బరువు కోసం రెండు రోజులు ఏమీ తినలేదని, తూకం అయ్యాకే నీరు తాగానని, కోలుకునేందుకు వ్యవధి చాలలేదని ఆమె విలేకరులకు వివరించారు. 2025లో అంతర్జాతీయ బాక్సింగ్ వర్గాలు మారిన తర్వాత ఆమె 51 కిలోల వర్గంలో పోటీ చేస్తున్నారు.

దీనికి భిన్నమైన ఉదాహరణ కరణం మల్లీశ్వరిది. హౌరా-చెన్నై రైలుమార్గంలో ఖరగ్‌పూర్ నుంచి దక్షిణంగా వెళితే వచ్చే ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేట ఆమె స్వగ్రామం. ఆమె తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల వర్గంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు గెలిచిన ఆమె 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల వర్గంలో రజతం సాధించారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు 69 కిలోల వర్గంలో ఎంపికైనప్పుడు బరువు పెరిగిందని, ఆమె రోజులు గడిచిపోయాయని పత్రికల్లో విమర్శలు వెల్లువెత్తాయి. సెప్టెంబరు 19న స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచి ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా ఆమె చరిత్రకెక్కారు. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తగలిగి ఉంటే స్వర్ణమే దక్కేది.

ఆ రోజు స్వర్ణ, రజత విజేతలు ఇద్దరూ ఎత్తినది సమానంగా 242.5 కిలోలే. అప్పటి నియమాల ప్రకారం శరీర బరువు తక్కువగా ఉన్న చైనా యువతి లిన్ వైనింగ్‌కు స్వర్ణం దక్కింది. తూకపు గదిలో గ్రాములు ఎంత విలువైనవో చెప్పేందుకు ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. అయినప్పటికీ మల్లీశ్వరి అనుభవం మరో సత్యాన్ని కూడా చెబుతున్నది. ఎదిగే శరీరాన్ని పాత వర్గంలోనే బంధించకుండా పైవర్గానికి వెళ్లినంతమాత్రాన క్రీడాజీవితం ముగిసిపోదు.

ఎందుకు మానరు?

ఇంత హాని ఉన్నా ఈ అలవాటు ఎందుకు పోవడం లేదన్న ప్రశ్నకు కేవలం ఉద్యోగం, పతకం అన్నవి సమాధానాలు కావు. స్వీడన్ జాతీయ జట్లలోని మల్లయోధులు, జూడో, తైక్వాండో క్రీడాకారులతో ముఖాముఖి మాట్లాడి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం ఆసక్తికరమైన విషయాన్ని వెలికితీసింది. బరువు తగ్గించుకోవడం తమకు మానసిక బలాన్నిస్తుందని, తాము నిజమైన క్రీడాకారులమన్న భావన కలిగిస్తుందని వారు చెప్పారు. ఆకలిని జయించినవాడు ప్రత్యర్థిని జయించగలడన్న నమ్మకం బలంగా ఉంది. ఉపవాసాన్ని నిగ్రహానికి గుర్తుగా గౌరవించే మన సమాజంలో ఈ భావన వేళ్లూనుకోవడం మరింత సులభం.

ఈ నమ్మకాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం సరికాదు. ఒక ప్రణాళిక ప్రకారం నెలల ముందునుంచే నెమ్మదిగా బరువు దించుకునేవారికి ఆత్మవిశ్వాసం పెరగడం వాస్తవమే. చిక్కు అంతా చివరి రోజుల తొందరపాటుతోనే. తూకం నెగ్గడమే ఒక విజయంగా మారినప్పుడు అసలు పోటీ రెండో స్థానానికి వెళ్లిపోతుంది. ఓడిపోతే తర్వాతిసారి ఇంకా గట్టిగా కడుపు మాడ్చుకోవాలన్న ఆలోచన పుడుతుంది. ఆట మానేసిన తర్వాత కూడా అద్దంలో తన శరీరాన్ని చూసి అసహ్యించుకోవడం, తిన్న ప్రతి ముద్దకూ అపరాధభావంతో కుమిలిపోవడం వంటివి కొందరిని వెంటాడుతుంటాయి.

బరువు వర్గాలు లేని క్రీడల్లోనూ ఒక్క మాట ప్రాణం మీదికి తేవచ్చునని అమెరికా జిమ్నాస్ట్ క్రిస్టీ హెన్రిచ్ విషాదాంతం తెలియజేస్తున్నది. జాతీయ జట్టులో స్థానం కావాలంటే బరువు తగ్గాలని ఒక న్యాయనిర్ణేత చేసిన వ్యాఖ్యతో ఆమె ఆహారం మానేయడం మొదలైంది. 1994 జులైలో 22వ ఏట అవయవాలు విఫలమై ఆమె మరణించింది.

నియమాలు మారినా...

1997 నవంబరు, డిసెంబరు మాసాల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు బరువు తగ్గించుకునే ప్రయత్నంలో ప్రాణాలు కోల్పోయారు. దీంతో అక్కడి కళాశాల క్రీడల సంఘం ఆవిరి గదులను, ప్లాస్టిక్ సూట్లను నిషేధించింది. సీజన్ ప్రారంభంలోనే మూత్రపరీక్ష ద్వారా ఒంట్లో నీరు సరిపడా ఉందని నిర్ధారించుకున్న తర్వాత కనీస బరువును నిర్ణయించే విధానం వచ్చింది. వారానికి శరీర బరువులో 1.5 శాతానికి మించి తగ్గకూడదని పరిమితి పెట్టింది. అంతర్జాతీయ జూడోలో పోటీరోజు ఉదయం కొందరిని ఎంపికచేసి మళ్లీ తూచి, పరిమితికన్నా 5 శాతానికి మించి బరువు పెరిగినవారిని అనుమతించడం లేదు.

అంతర్జాతీయ కుస్తీలో 2018 నుంచి ఒక్కో వర్గం పోటీలను రెండు రోజులు జరిపి, రెండు ఉదయాలూ తూకం వేస్తున్నారు. విపరీతంగా బరువు తగ్గించుకునేవారిని నిరుత్సాహపరచడం దీని ఉద్దేశం. అయితే ఒలింపిక్స్‌లో మహిళలకు ఆరు వర్గాలే ఉండటంతో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోని పది వర్గాల క్రీడాకారిణులు వాటిలోకే సర్దుకోవలసి వస్తున్నది. వర్గాలు తగ్గిన కొద్దీ వాటి మధ్య అంతరం పెరుగుతుంది, ఆ అంతరాన్ని క్రీడాకారులు ఆకలితో పూడుస్తారు. నియమం ఒకటే మారితే చాలదని పారిస్ సంఘటనలు తేటతెల్లం చేశాయి.

ఇంట్లో గమనించవలసినవి

జాతీయ శిబిరాల్లో పోషకాహార నిపుణులు, మనస్తత్వ నిపుణులు అందుబాటులో ఉంటారు. చిన్న పట్టణాల్లో సాధన చేసే పిల్లలకు ఆ అవకాశం అరుదు. అక్కడ మొదట గమనించగలిగేవారు తల్లిదండ్రులు, శిక్షకులే. భోజనానికి అందరితో కలిసి కూర్చోకపోవడం, రోజుకు పలుమార్లు బరువు చూసుకోవడం, తిన్న వెంటనే వ్యాయామానికి పరుగెత్తడం, చాటుగా అతిగా తినడం, తినగానే స్నానాలగదికి వెళ్లడం, స్నేహితులకు దూరంగా ఉండటం, నిద్రపట్టకపోవడం, ఆడపిల్లల్లో నెలసరి తప్పడం ప్రమాద సూచనలని నిపుణులు చెబుతున్నారు. వీటిలో ఏ ఒక్కటో ఒకటి రెండు రోజులు కనిపిస్తే కంగారు అక్కరలేదు. వారాల తరబడి కొనసాగితే వైద్యుని సంప్రదించడం తప్పనిసరి. చచ్చిపోవాలనిపిస్తున్నదన్న మాట నోటివెంట వస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి-మానస్ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రానికి 14416 నంబరుపై రాత్రింబగళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగు, బెంగాలీ సహా పలు భారతీయ భాషల్లో సలహా లభిస్తుంది. సొంత రాష్ట్రానికి దూరంగా, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ మాట్లాడుతూ పెరిగే ఖరగ్‌పూర్ పిల్లలకు మనసులోని మాటను మాతృభాషలో చెప్పుకునే వీలు ఉండటం చిన్న విషయం కాదు.

శిక్షకుల బాధ్యత మరింత ఎక్కువ. అందరి ఎదుటా తూచి అంకెను బిగ్గరగా చదవడం, బరువు పెరిగినవారిని ఎగతాళి చేయడం వంటివి మానుకోవాలి. ఎదిగే వయసులోని పిల్లలను కిందివర్గానికి దించే ముందు ఏడాది కాలానికి ప్రణాళిక వేసుకోవాలి. పైవర్గంలో ఒకటి రెండు ఓటములు ఎదురైనా పిల్లవాడి ఎత్తు, కండబలం, తిండి పెరిగే అవకాశాన్ని కాపాడటమే దీర్ఘకాలంలో లాభమన్నది నిపుణుల సలహా.

ఉద్యోగాలిచ్చే సంస్థలకు కూడా ఇందులో పాత్ర ఉంది. పతకం తెచ్చినవారికి పదోన్నతి ఇవ్వడంతోపాటు తూకంలో విఫలమైనవారిని శిక్షించే ముందు వారు ఏ వర్గంలో, ఎవరి సలహాతో, ఎన్ని రోజుల వ్యవధిలో బరువు తగ్గవలసి వచ్చిందో విచారించే పద్ధతి రావాలి. క్రీడాకోటాలో చేరిన యువతీయువకులకు ఏటా జరిపే వైద్యపరీక్షల్లో మానసిక స్థితిని కూడా పరిశీలించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. క్రీడాకారుడి ఆట పదేళ్లో పన్నెండేళ్లో సాగుతుంది. ఆ తర్వాత అతను అదే రైల్వేలో మరో పాతికేళ్లు ఉద్యోగం చేయాలి, ఇల్లు నడపాలి, పిల్లలను పెంచాలి. ఆ సంవత్సరాలకు కావలసిన మనోబలాన్ని పోటీరోజుల్లోనే కరగదీయకుండా కాపాడుకునే ఏర్పాటు ఇకనైనా జరగవలసి ఉంది.